తెరుచుకుంటే చాలన్న ఫైలు

ఆ పచ్చ టిక్కు గుర్తు కనపడితే స్మరాండ చూపు పక్కకు తిప్పేసుకుంటుంది. తమ కంపెనీ అమ్మే, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ పేజీలో "హెచ్‌డీఆర్ ఫైళ్లు తెరుస్తుంది" అన్న మాట పక్కన అది నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ పని చేసింది తనే. పని అనడానికి కూడా సిగ్గుండాలి.

ఒకే దృశ్యాన్ని ఎక్కువ వెలుతురుతోనూ తక్కువ వెలుతురుతోనూ నాలుగైదుసార్లు తీసి ఒక్కటిగా కలిపితే ఈ హెచ్‌డీఆర్ ఫైలు తయారవుతుంది. కిటికీలో ఎండా, మూలన చీకటీ రెండూ అందులో పదిలంగా ఉంటాయి. క్లూజ్ నగరంలోని ఆ చిన్న కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు అంత మోసే సత్తా లేదు. మొదటినుంచీ తిరగరాయాలి, ఏడాది పడుతుందని స్మరాండ చెప్పింది. యజమాని కోర్నెల్ నవ్వేశాడు.

"ఏడాదా? సాఫ్ట్‌వేర్ ఎగ్జిబిషన్ ఇంకో మూడు వారాల్లో ఉంది తల్లీ! ఫైలు తెరుచుకుంటే చాలు. లోపలేముందో ఎవడు తొంగి చూస్తాడు?"

సరేనని తెరిపించింది. మామూలు తెర చూపలేని వెలుగునీ చీకటినీ తెరిచేటప్పుడే కోసి పారేసేలా రాసింది. సేవ్ చేస్తే ఆ మిగిలిన ముక్కే అసలు ఫైలును తుడిచేసి దాని చోట కూర్చుంటుంది. కనీసం ఒక హెచ్చరిక పెట్టింది. "జనం జడుసుకుంటారు, తీసెయ్" అన్నాడు కోర్నెల్. తీసేసింది. పని పూర్తయిందని ఆ సాయంత్రం ఆఫీసులో కేకు కోస్తే అందరితో పాటు తనూ తింది, రెండు ముక్కలు.

గురువారం పొద్దున్న లుక్రేత్సియా పిన్ని ఆఫీసుకు వచ్చింది. మారమురేష్ కొండల్లోని చెక్క చర్చిలను ఫోటోలు తీయడమే ఆవిడకు ఇరవై ఏళ్లుగా లోకం. ఒక చేతిలో జున్ను రొట్టెల మూట, ఇంకో చేతిలో హార్డ్ డిస్కు.

"ఏమే, చిక్కి సగమయ్యావు! వీళ్లు తిండి తిననిస్తున్నారా లేదా?" అంటూ కుర్చీ లాక్కుంది. "మార్చి వానలకి మన ఊరి చర్చి కప్పు కారింది కదా, చెక్క మీద బొమ్మలన్నీ కొట్టుకుపోయాయే. మొన్న అక్టోబరులో నేను తీసిన ఫోటోలే దిక్కు. సోమవారం చిత్రకారులొస్తారు, వాటిని చూసి మొహాలు మళ్లీ వేస్తారట. కాస్త వంకరగా ఉంటే అన్నీ నీ సాఫ్ట్‌వేర్‌లోనే సరిచేశా. మా పిల్ల చేసిందని ఫాదర్‌గారికి కూడా చెప్పా."

స్మరాండ హార్డ్ డిస్కు అందుకుని కంప్యూటర్‌కు తగిలించింది. "సేవ్ చేశావా పిన్నీ?"

"చెయ్యక?"

మొదటి ఫైలు తెరిచింది. కిటికీ చోట తెల్ల గుడ్డ ఆరేసినట్టుంది. కప్పు మీద పన్నెండుమంది అపొస్తలులు ఉండాల్సిన చోట మసి. వెలుతురు పెంచితే మసి బూడిదరంగుకు తిరిగింది తప్ప ఒక్క కన్ను, ఒక్క గడ్డం బయటికి రాలేదు. నలభై ఫైళ్లూ అంతే.

"తెర మీద నల్లగానే కనపడ్డాయే," అంది పిన్ని మెల్లగా. "ఈ రకం ఫైళ్లు ఎప్పుడూ అలాగేగా! లోపల ఉంటుందిలే, తర్వాత పైకి లాగుదామనుకున్నా."

"విడివిడిగా తీసినవి?"

"కలిపాక అవెందుకే? కెమెరా కార్డులన్నీ తుడిచేశా."

రొట్టెల వాసనకి కోర్నెల్ వచ్చాడు. ఎవరూ పెట్టకుండానే ఒకటి తీసి నోట్లో కుక్కుకున్నాడు. "మేడమ్, మా సాఫ్ట్‌వేర్ గురించి రెండు మంచి మాటలు రాసివ్వండి, సైట్లో పెడతాం. చర్చిలంటే జనం పడి చస్తారు!" జున్ను అంటిన వేళ్లు ప్యాంటుకు తుడుచుకున్నాడు. స్మరాండకు అసహ్యం వేసింది. అతన్ని చూసి కాదు. ఆ వేళ్లు చెప్పినట్టల్లా ఆడిన తన వేళ్లను చూసి.

పిన్ని అతని వైపు తిరగనే లేదు. "ఇలా అవుతుందని నీకు తెలుసా?"

"తెలుసు పిన్నీ."

ఆవిడ తిట్టలేదు. మిగిలిన రొట్టెలు మూట కట్టుకుని లేచింది.

"అయితే సోమవారం నువ్వే రా. ఆ మొహాలెలా ఉండేవో వాళ్లకి నువ్వే చెప్పు."

చిన్నప్పుడు ప్రతి ఆదివారం ఆ కప్పు కిందే నిలబడేది స్మరాండ. కళ్లు మూసుకుని వెతికింది. ఒక్క మొహం కూడా గుర్తు రాలేదు.