కాగితానికి వెనుక వైపు

తుప్పు పట్టిన గుండుసూదులు పీకే పని ప్రొఫెసరుగారి భార్య వంతుకు వచ్చింది. యూనివర్సిటీ ఆర్కైవ్స్ నుంచి వచ్చినావిడ గుడ్డ తొడుగులు వేసుకుని, ప్రొఫెసరుగారి గదిలో నేలంతా కాగితాలు పరుచుకుని కూర్చుంది. తుప్పు పాకితే అక్షరాలను తినేస్తుందనీ, ముందు సూదులు తీసెయ్యాలనీ చెప్పింది. ఆయన పోయి ఏడాది తిరక్కముందే యూనివర్సిటీవాళ్లు ఆయన కాగితాలు అడిగారు. లైబ్రరీలో ఆయన పేరున ఒక గది ఇస్తారట. ఆయన పనిచేసిన డిపార్ట్‌మెంటులోనే చరిత్ర పాఠాలు చెప్పే కొడుకు ఆ కబురు మోసుకొచ్చిన రోజు కళ్లు తుడుచుకున్నాడు. ఏది ఎక్కడుందో నీకేగా తెలుసు, కాస్త సాయం చెయ్యమ్మా అన్నాడు.

తెలియకేం. ఆయన చేతిరాత ప్రెస్సువాళ్లకు కొరుకుడు పడేది కాదు. ఆయన చిత్తుగా రాసిందంతా సాపు రాసింది ఆమే. వంటిల్లు సర్దుకుని, పిల్లాడు నిద్రపోయిన ఆ కాస్త మధ్యాహ్నంలో రాసేది. తారీఖు తప్పుపడితే దిద్దేది, వాక్యం కుంటితే నిలబెట్టేది. అవి తన దిద్దుబాట్లని ఆయన గమనించాడో లేదో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. పేరు తెచ్చిన ఆ పెద్ద పుస్తకానికి రాసుకున్న ముందుమాటలో ఎందరెందరికో కృతజ్ఞతలు చెప్పి, చిట్టచివర 'విసుక్కోకుండా వేళకు కాఫీ అందించిన నా అర్ధాంగికి' అని ఒక ముక్క చేర్చాడు. పుస్తకంలో నీ ప్రస్తావన కూడా వచ్చిందే, అదృష్టవంతురాలివి అన్నది ఆడపడుచు. ఆ ముక్కను సాపు రాసింది కూడా ఆమే.

ఆర్కైవ్స్ ఆవిడ కట్టలు విప్పుకుంటూ పోయి, మూడోపూటకు ఆ పెద్ద పుస్తకం చిత్తుప్రతి దగ్గరికి వచ్చింది. దీనికోసమే వచ్చానన్నట్టు ముఖం విప్పారింది. ఒక్కో కాగితాన్నీ పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి చూస్తోంది. ఉన్నట్టుండి ఒకదాన్ని తిరగేసింది. మరొకటీ తిరగేసింది.

"వెనకాల ఏవో బొమ్మలున్నాయమ్మా. మొక్కల్లా ఉన్నాయి. ఎవరు గీశారివి?"

"మొక్కలే, నాచు మొక్కలు" అన్నది ఆమె. చేతిలోని సూది పక్కన పెట్టి, "నావి" అన్నది.

పెళ్లయిన కొత్తలో ఆమె వృక్షశాస్త్రంలో పరిశోధన చేసేది. వాన వెలవగానే భూతద్దం పట్టుకుని పాత గోడల వెంట తిరిగేది. గోడకు ముఖం ఆనించి ఏం చూస్తోందీవిడ అని దారినపోయేవాళ్లు ఆగి మరీ చూసేవారు. ఏం చూస్తోందో ఆమెకు తెలుసు. వేలెడు మేర గోడ మీద ఒక అడవి. ఇంకొంచెం రాస్తే థీసిస్ ఇచ్చెయ్యొచ్చని గైడు చెప్పిన నెలలోనే కడుపులో కొడుకు పడ్డాడు. నాచెక్కడికీ పోదులే, పిల్లాడు కాస్త పెద్దవాడవనీ అన్నది అత్తగారు. అమ్మ చెప్పింది సబబేగా అన్నాడు ఆయన, ఎంతో మెత్తగా. రాసినదంతా కట్టగట్టి అటక మీద పెట్టింది.

పిల్లాడు బడికి పోవడం మొదలయ్యాక ఒకరోజు కట్టకోసం అటకెక్కితే అక్కడ లేదు. అది ఆయన బల్ల మీద ఉంది. అప్పటికే సగానికి పైగా కాగితాల వెనుక వైపు ఆయన పుస్తకం నిండిపోయింది.

"వెనకంతా ఖాళీగానే ఉందిగా. చెదలు పట్టేకంటే నయం కాదూ?" అన్నాడు నవ్వుతూ.

ఆయన చెడ్డవాడు కాదు. అడగాలన్న ఆలోచనే రాలేదంతే. ఆ పూట కూరలో ఉప్పు కూడా తగ్గలేదు. తర్వాత ఆ కాగితాలే ముందు పెట్టుకుని పుస్తకమంతా సాపు రాసింది. ఒక్కదాన్నీ తిరగేయలేదు.

ఆర్కైవ్స్ ఆవిడ ఇబ్బందిగా కదిలింది. రాసినవారు ఉంచిన వరుసలోనే కాగితాలను భద్రపరచడం తమ పద్ధతి అనీ, వెనుక బొమ్మలున్నాయని వివరంలో తప్పక రాస్తాననీ చెప్పింది. అంతలో కొడుకు వచ్చాడు. విషయం విని ఒక కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. బాగా గీశావే, నాకెప్పుడూ చెప్పలేదేం అన్నాడు. చెబుదామని ఆమె నోరు తెరిచేలోపే, "పోన్లేమ్మా, నాన్న పుస్తకం పుణ్యమా అని ఇవీ భద్రంగా ఉంటాయి" అన్నాడు.

ఆమె ఆ కాగితం అందుకుంది. కళ్లజోడు సవరించుకుని తన రాత చదవడం మొదలుపెట్టింది. ఎంత ధీమాగా రాసిందో, ఆనాటి ఆ పిల్ల. ఎండకు ఎండి బూడిదరంగు తిరిగిన నాచు చచ్చినట్టు కనిపిస్తుంది గానీ, అని మొదలైన వాక్యం కాగితం చివర తెగిపోయింది. దాని తరువాయి కోసం వెతికింది. కట్టంతా వెతికింది. లేదు. నచ్చని చిత్తుకాగితాలను ఆయన ఉండచుట్టి పారేసేవాడు. ఆ గానీ తర్వాత ఏం రాసిందో గుర్తు తెచ్చుకుందామని కళ్లు మూసుకుంది. ఒక్క మాటా రాలేదు. ఆయన పోయిన రోజు కూడా అంత దుఃఖం రాలేదామెకు. ఇద్దరూ చూస్తుండగానే నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

తేరుకున్నాక కాగితాలన్నీ బోర్లించింది. మూలల్లో తను వేసుకున్న అంకెల ప్రకారం వాటిని పేర్చడం మొదలుపెట్టింది.

"అమ్మా, నాన్న వరుస చెదిరిపోతుంది. దీన్ని చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు" అన్నాడు కొడుకు కంగారుగా.

"మీ నాన్నది అచ్చయిందిరా. నాది ఇదొక్కటే ప్రతి" అన్నది తలెత్తకుండా.

 ఆర్కైవ్స్ ఆవిడ తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత కొత్త అట్టపెట్టె ఒకటి తెరిచి, కలం తీసి, దీని మీద పేరు ఏమని రాయమంటారని మెల్లగా అడిగింది.

"పేరుకేం తొందరలే, అమ్మాయ్. ఎంత పోయిందో ముందు చూసుకోనీ."