రెండు సోడా డబ్బాలు

"ఇది మా సోడాయేనా?" అన్నాడు బర్నబాస్.

1971 విజయదశమి. మధ్యాహ్నం రెండున్నర. బాపట్లలోని ఆ సబ్బుల కార్ఖానాలో పండగకి అందరూ సెలవు పెట్టగా, స్టోరు చూసే బర్నబాస్ ఒక్కడే డ్యూటీలో మిగిలాడు. అతని ఎదురుగా లారీ డ్రైవరు యలమంద, ఇద్దరి మధ్యా నేలమీద ఒక ఇనప డబ్బా.

"బిల్లులో సోడా అనే ఉందండి."

"ఏ సోడా?"

"సోడా అంటే సోడాయే కదండీ."

బర్నబాస్ బిల్లు అందుకున్నాడు. తెనాలి బుకింగ్ గుమాస్తా రెండు వరుసల్లోనూ ఒకే మాట రాశాడు. రేపల్లె, సోడా డబ్బా ఒకటి. బాపట్ల, సోడా డబ్బా ఒకటి.

"రేపల్లెలో ఎవరికి దించావు?"

"మా అక్క రావమ్మకండి. బస్టాండు ఎదురుగా బజ్జీల కొట్టు. పిండిలోకి వంటసోడా తెమ్మంది."

"మాది కాస్టిక్ సోడా. సబ్బు కాచేది. తడి ఒంటికి తగిలితే తోలు ఊడుద్ది. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉండాలే. ఏదీ?"

బొమ్మ లేదు. డబ్బా నిండా పసుపు. బర్నబాస్ గోటితో గీకితే కాగితం కూడా నాని ముద్దగా ఊడి వచ్చింది.

యలమందకి పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. తెనాలిలో లారీ ఓనరు భార్య శకుంతల ఆయుధపూజ చేసింది. హెడ్‌లైట్లకీ, స్టెప్నీకీ, జాకీకీ పసుపు పూసి, చివరికి సరుకు దగ్గరకి వచ్చింది. "పండగ పూట ఈ పాడు బొమ్మేంటి" అంటూ ఒక డబ్బాకి దట్టంగా పట్టించింది. ఒకదానికి పెట్టి ఇంకోదానికి మానకూడదని రెండోదానికీ పట్టించింది. అప్పుడు యలమంద చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు. మాట విన్నాడు గానీ, ఏ డబ్బా ముందో చూడలేదు.

"అయితే ఇది ఏదండీ?" అన్నాడు.

"ఉలి తెస్తానుండు. మూత లేపితే తేలిపోద్ది."

బర్నబాస్ నాలుగడుగులు వేశాడు. యలమంద తనలో తాను గొణుక్కుంటున్నాడు. "దీనికి కుంకుమ పెట్టలేదేంటో. అక్కకిచ్చినదానికి పెట్టారుగా..."

బర్నబాస్ ఆగిపోయాడు. "కుంకుమెక్కడిది?"

"మూత చుట్టూ ఎర్రగా ఉందండి. అయినా శకుంతలమ్మగారు కుంకుమ స్టీరింగుకి ఒక్కదానికే పెట్టినట్టు గుర్తు. ఏమోనండి, నాకేం పాలుపోవట్లా."

"మీ ఇళ్ళల్లో దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు ఎలా కలుపుతారు?"

"పసుపులో సున్నం వేసి..." అంటూనే యలమంద డబ్బా మీది పసుపు వైపు తిరిగాడు.

"కుంకుమ కాదది. కాస్టిక్ సున్నానికి బాబు. గాలికే చెమ్మగిల్లి కారుద్ది. పద, ఫోను చేద్దాం."

అర్జంటు కాల్ దొరికేసరికి పావుగంట పట్టింది. రావమ్మ కొట్టు పక్కన రైసు మిల్లు వెంకటకృష్ణయ్య ఫోను ఎత్తాడు.

"సోడా ముట్టుకోవద్దని చెప్పండి," అన్నాడు యలమంద.

"ఇక్కడ సోడా అమ్మరు నాయనా. గోళీసోడా కావాలంటే స్టేషను దగ్గర."

"తాగేది కాదండి. అంటే, సోడాయే. మా అక్క రావమ్మని పిలవండి."

"ఆవిడ పంపు దగ్గరుంది. నుదురు మండుతోందని గోల పెడుతోంది."

"నుదురేంటండి?"

వెంకటకృష్ణయ్య ఆవిణ్ణి పిలవడానికి వెళ్ళాడు. లైనులో గరగర. కాసేపటికి రావమ్మ గొంతు వినిపించింది.

"ఏరా, అదేం కుంకుమరా? దసరా కుంకుమ కదాని వేలితో తీసి కళ్ళకద్దుకుని బొట్టు పెట్టుకున్నా. కారం పూసినట్టుంది."

"కళ్ళకద్దుకుందటండి," అన్నాడు యలమంద. బర్నబాస్ రిసీవరు లాక్కున్నాడు.

"అమ్మా, కంట్లో పడిందా?"

"రెప్పకి తగిలింది. కన్ను తెరవలేకపోతున్నా."

"పంపు కిందే కూర్చోండి. అరగంట ఆపకుండా నీళ్ళు పోయించుకుని, ఆస్పత్రికి వెళ్ళండి. పిండిలో గానీ కలిపారా?"

"ఎక్కడ బాబూ. మూత తీయబోతుంటేనే మంటెత్తుకుంది. ఇంతకీ సోడా లేకపోతే సాయంత్రం నా బజ్జీలు ఎవడు తింటాడు?"

పసుపు డబ్బాని క్యాబిన్‌లో పక్కనే పెట్టుకుని యలమంద వెనక్కి బయల్దేరాడు. పిట్టలవానిపాలెం దాటాక లారీ ఆపి మళ్ళీ చూశాడు. పచ్చగానే ఉంది. అయినా నమ్మకం చాలలేదు. ఇంకో రెండు మైళ్ళు పోయి మళ్ళీ ఆపాడు.

రేపల్లె చేరేసరికి అయిదయింది. రావమ్మ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉంది. కంటికి గుడ్డ కట్టారు. చూపుకి ఢోకా లేదన్నాడట డాక్టరు. నుదుట బొట్టు ఉండాల్సిన చోట, బొట్టంత గుండ్రంగా చర్మం లేచిపోయింది. ఎర్ర డబ్బా దూరంగా బోర్లించిన గంగాళం కింద ఉంది.

"అక్కా," అన్నాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడవకు. ముందు ఏది ఏ సోడానో దాని మీద రాయి."

పొయ్యిలోంచి బొగ్గు తీసి పచ్చ డబ్బా మీద 'వంట' అని రాశాడు. ఒక గోనెసంచి చేతికి చుట్టుకుని, గంగాళం ఎత్తి, రెండో డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు. కాస్టిక్ అని ఎలా రాయాలో తెలియలేదు. రెండు కళ్ళు, ముక్కు చోట ఒక బొక్క, కింద పళ్ళు గీశాడు.

"పండగ పూట ఆ బొమ్మేంట్రా," అంది రావమ్మ.

యలమంద చెయ్యి ఆపాడు.

ఆమె చెయ్యి నుదుటి దాకా వెళ్ళి, తాకకుండా దిగింది.

"ఇంకాస్త పెద్దది గీయి."