బిస్కెట్ల డబ్బాలో కొండచిలువ పిల్ల

నా కొండచిలువ పిల్లకి నాలుగడుగుల గాజుపెట్టె కొన్నాను. అది మూడు వారాలు ఓ మూల ముడుచుకుని ఏమీ తినలేదు.

"మూరెడు పిల్లకి మైదానమెందుకమ్మాయ్? గోడలు ఒంటికి తగిలితేనే దానికి ధైర్యం," అన్నాడు పాములమ్మే విర్యో బాబాయి.

దానిచేత తినిపించి తీరాలనుకున్నాను. మూత బిగుతుగా పట్టే చిన్న డబ్బా ఇంట్లో ఒక్కటే ఉంది, రంజాన్ పండక్కి అమ్మ అనాస బిస్కెట్లు పోసేది. ఇవ్వదని తెలిసి అడగలేదు. కాల్చిన మేకుతో బెజ్జాలు పొడిచి, లోపల పేపరు పరిచి, అది దూరి దాక్కునేలా అంచు చెక్కిన కొబ్బరిచిప్ప బోర్లించి, నీళ్ళగిన్నె పెట్టాను. జావాలో చలెక్కడిదనేవాళ్ళు కొండల మధ్యనున్న మా మలాంగ్ ఊరు రాలేదు. హాల్లో ఫ్రిజ్ మీదే కాస్త వెచ్చగా ఉంటుంది, అక్కడ పెట్టాను.

"నా డబ్బాకి తూట్లు పొడిచావు కదే. బిస్కెట్లు నీ నెత్తిన పోయనా?" అంది అమ్మ.

"అది తిన్నాక తిట్టు."

నాలుగో రోజు అది ఎలుకపిల్లను మింగింది. అమ్మ చూసింది, తిట్టలేదు.

పండగనాడు చుట్టాలు కనిపించిన ప్రతి డబ్బా మూతా తీస్తారు. అందుకని పొద్దున్నే దాన్ని నా గదిలోకి మార్చబోతే అమ్మ అడ్డొచ్చింది.

"ఉండనీ. చలికి మళ్ళీ తిండి మానేస్తుంది."

డబ్బా మీద ఓ కాగితం రాసి అంటించింది: నిరుటి వడియాలు.

సాయంత్రం దాకా ఒక్కరూ దాని వంక చూడలేదు.