కొండ దాటి వచ్చిన ఓషిల్డ్

మా చెల్లెలు గుడ్‌వేగ్ మంచు మీద జారే స్కీ పోటీల్లో పాల్గొన్నన్నాళ్ళూ దాని స్కీలకు మైనం పట్టించింది నేనే. మంచుదారి పక్కన నిలబడి వేడి పళ్ళరసం గ్లాసు అందించిందీ నేనే. కాబట్టి ఈ సంగతి నేను చెబితేనే బాగుంటుంది.

చిన్నప్పట్నుంచీ మా జిల్లా పోటీల్లో మొదటి స్థానం దానిదే. రెండోది కొండకవతలి లోయలో ఉండే ఓషిల్డ్‌ది. ఇద్దరిదీ ఒకే ఈడు. "ఏమ్మా ఓషిల్డ్, వెనక నుంచి మా పిల్ల జడ బాగా కనిపిస్తోందా?" అని మా ఊరివాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఆ పిల్ల పళ్ళు బిగించుకుని, స్కీలు భుజాన వేసుకుని వెళ్ళిపోయేది.

గుడ్‌వేగ్ జాతీయ జట్టులో చేరింది. ఇంకేముంది, ఒలింపిక్స్ దాకా వెళుతుందని అందరం అనుకున్నాం. ఆ శరత్కాలంలోనే ఒకనాడు వాన పడి తడిసిన రోడ్డు మీద చక్రాల స్కీలతో సాధన చేస్తూ, చర్చి కింది వంపులో జారి రాళ్ళ మీద పడింది. తొడ ఎముక విరిగింది.

"నడుస్తావు. సరదాకి మంచు మీద తిరుగుతావు కూడా. పోటీల మాట మాత్రం మరిచిపో," అన్నాడు డాక్టరు.

ఆ చలికాలమంతా అది వంటింట్లోనే కూర్చుంది. మంచుదారి కనబడే కిటికీకి తెర వేసేసింది. అమ్మ వాఫిల్ అట్లు కాల్చి, మేకజున్ను పెట్టి ముందు ఉంచితే అవి అలాగే చల్లారిపోయేవి. "అన్నయ్యా, నా స్కీలు క్లబ్బు పిల్లలకి ఇచ్చెయ్," అంది ఒకరోజు. నేను సరేనన్నాను గానీ ఇవ్వలేదు.

మార్చిలో ఒక ఆదివారం, చర్చి గంటలు ఆగాక, ఓషిల్డ్ మా గుమ్మంలో నిలబడి బూట్ల మంచు దులుపుకుంటోంది. పరామర్శకు వచ్చిందనుకుని అమ్మ కాఫీ పోసింది.

"ఒళ్ళెలా ఉందని అడగడానికి రాలేదు," అంది ఓషిల్డ్, గుడ్‌వేగ్ ఎదురుగా కూర్చుంటూ. "పోయిన వారం జిల్లా పోటీలో నేను గెలిచాను."

"విన్నాను. సంతోషం."

"ఏం సంతోషం, నా తలకాయ! పతకం మెళ్ళో వేసుకుని ఇంటికెళితే మా నాన్న ఏమన్నాడో తెలుసా? 'గుడ్‌వేగ్ లేదుగా మరి,' అన్నాడు. కన్నతండ్రే ఆ మాటన్నాక ఇంకెవరికి చెప్పుకోను?"

గుడ్‌వేగ్ పకపకా నవ్వింది. పొయ్యి దగ్గర అమ్మ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

"లేవే. నిన్ను ఓడించకపోతే నాకు మనశ్శాంతి లేదు."

"నా కాలు చూశావా?"

"చూశాను. రెండోది బాగానే ఉందిగా?"

అప్పట్నుంచి తన సాధన మానుకుని మరీ కొండ దాటి వచ్చేది. మొదట ఇంటి చుట్టూ నడిపించింది. ఎండాకాలంలో కొండలెక్కించింది. గుడ్‌వేగ్ ఏడిస్తే పక్కన కూర్చునేది, తిడితే తిరిగి తిట్టేది. శరత్కాలంలో మళ్ళీ చక్రాల స్కీలు కట్టించి అదే రోడ్డుకు తీసుకెళ్ళింది. ఆ వంపు దగ్గర మా చెల్లెలు కొయ్యబారిపోయింది, అడుగు పడలేదు. ఓషిల్డ్ తన స్కీలు విప్పేసి, దాని చెయ్యి పట్టుకుని, ఆ వంపంతా పక్కన నడుస్తూ దింపింది. కింద దాకా వచ్చాక, "ఇంకోసారి," అంది.

మరుసటి ఏడాది జాతీయ పోటీల్లో ముప్ఫై కిలోమీటర్ల స్కీ పరుగుకు ఇద్దరూ వచ్చారు. ఆ రోజు మంచు ముద్దలు ముద్దలుగా కురిసింది. అలాంటప్పుడు ముందున్నవాళ్ళు కొత్త మంచులో దారి తొక్కుకుంటూ పోవాలి, వెనకవాళ్ళు ఆ జాడలో సులువుగా జారిపోతారు. తెలిసి తెలిసీ గుడ్‌వేగే ముందుంది. గ్లాసు అందిస్తూ, "పక్కకు తప్పుకోవే, ఇంకొకర్ని పోనీ!" అని అరిచాను. నవ్వి, గుటకేసి, గ్లాసు పారేసి పోయింది. ఆఖరి ఎత్తులో దాని కాలు మొరాయించింది. ఓషిల్డ్ దాన్ని దాటేసి గెలిచింది. మా చెల్లెలిది ఐదో స్థానం.

ఓషిల్డ్ రొప్పుతూ మీదికొచ్చింది. "నాకోసం దారి తొక్కావా? దానంగా వచ్చే గెలుపు నాకొద్దు!"

"దానమేంటే, పిచ్చిదానా! ఈ కాలు ఆ ఎత్తు ఎక్కదని నాకు తెలుసు. ఉండగలిగినంత సేపు ముందున్నాను, అంతే. దారి తొక్కి ఎన్నాళ్ళయిందో... ఎంత హాయిగా ఉందో తెలుసా?"

ఓషిల్డ్ చేతికర్రలు పారేసి, మా చెల్లెల్ని పట్టుకుని మంచులో కూలబడింది.

గుడ్‌వేగ్ ఇంకో నాలుగు చలికాలాలు పోటీల్లో ఉంది. ఒంటరిగా మళ్ళీ ఎప్పుడూ గెలవలేదు. కానీ ప్రపంచ పోటీల రిలేలో నలుగురిలో మూడోదిగా పరుగెత్తి, వీపు తట్టి ఆఖరి వంతుకు ఓషిల్డ్‌ను పంపింది. ఆ రోజు బంగారం వచ్చింది.

చివరి పోటీ మా లోయలోనే జరిగింది. అయిపోయాక మైకు చేతికిస్తే, "నేను పడిపోయినప్పుడు నన్ను లేపడానికి ఒక మనిషి కొండ దాటి వచ్చింది..." అని మొదలుపెట్టింది. చేతి తొడుగుతో కళ్ళు తుడుచుకుంది. జనంలోంచి, చంకన తన పాపాయితో ఉన్న ఓషిల్డ్ అరిచింది: "తొందరగా కానివ్వవే, పిల్ల చలికి బిగుసుకుపోతోంది!"

అందరూ ఘొల్లున నవ్వారు. మా అమ్మ మాత్రం జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, తన ఉన్ని శాలువా తీసి, ఆ పాపకూ తల్లికీ కలిపి కప్పింది.