ఏటి సూతకానికి ఆరు నెలల గడువు

న్యాయవాది నల్లకోటుకు పట్టే బూజులన్నింటిలోనూ పోర్ట్ బ్లెయిర్ బూజుకు సాటి రాగలది ఈ భూమండలం మీద వేరొకటి లేదు. తక్కిన ఊళ్ళ బూజు తెల్లగా, పలచగా, అతిథిలా వచ్చి దులిపితే పోతుంది. పోర్ట్ బ్లెయిర్ బూజు అలాంటిది కాదు. అది జేబు మూతల దగ్గర ఆకుపచ్చగా అవతరించి, చంకల మీదుగా దండయాత్ర సాగించి, కాలరు మీద రాజధాని స్థాపించుకుంటుంది. సంవత్సరంలో ముప్పాతిక భాగం వాన కురిసే దీవిలో దానిని జయించడం ఎలాగన్న విషయమై అడ్వొకేట్ గోపినాథ్ గారు పాతికేళ్ళకు పైగా సాగించిన పరిశోధన ఒకే ఒక్క సూత్రంగా పరిణమించింది: కోటును తొందరపెట్టకూడదు. బ్రష్షుతో రుద్దితే బట్ట పోతుంది, బూజు ఉంటుంది. ఎండ వచ్చేదాకా ఆగాలి.

నిజానికి ఆగడమనేది కోటు విషయంలోనే కాదు, వృత్తి విషయంలోనూ గోపినాథ్ గారి సిద్ధాంతం. జంగ్లీఘాట్‌లో చేపల జెట్టీకి దిగే సందులో, కింద వలల కొట్టు, పైన ఆయన ఆఫీసు. లారీల కిందా బస్సుల కిందా పడి పోయినవారి తరఫున, కాళ్ళూ చేతులూ విరిగినవారి తరఫున పరిహారపు దావాలు వేయడం ఆయన పని. మనిషి పోయిన ఇంట్లో సంవత్సరీకం కాకుండా ఆయన దావా కాగితం మీద సంతకం తీసుకోరు. ఏటి సూతకంలో ఉన్నవాళ్ళను కోర్టు గడప తొక్కించరు. తక్కిన వకీళ్ళు ఆసుపత్రి మెట్ల మీదే వకాలత్ కాగితాలు జేబులోంచి తీస్తూ ఉంటే, ఆయన పెద్దకర్మ భోజనానికి వెళ్ళి, ఏమీ అడగకుండా, విస్తరి మడిచి వచ్చేసేవారు. జంగ్లీఘాట్ ఆటోవాళ్ళు ఆయనకు సబర్ వకీల్ అని బిరుదు ఇచ్చారు. ఓర్పు వకీలని దాని అర్థం. పద్మ బిరుదుల కంటె అది ఎక్కువని ఆయన నమ్మకం. పద్మ బిరుదులు ఇచ్చేవాళ్ళు జంగ్లీఘాట్ దాకా రారు గనుక ఆ నమ్మకానికి పరీక్ష ఎదురు కాలేదు.

ఈ సిద్ధాంతం ఆయనకు పుస్తకాలలో దొరికింది కాదు. సునామీ వచ్చిన ఆ ఆదివారం ఉదయం సముద్రం లేచి నిలబడి, దక్షిణాన నికోబారు దీవుల మీద నడిచి వెళ్ళిన తరువాత దొరికింది. అప్పటికి ఆయన కోటు ఇంకా పాతబడలేదు. ఉత్సాహం అంతకన్నా కొత్తది. కనబడకుండా పోయిన మనిషిని పోయినవాడిగా ఎంచడానికి చట్టం మామూలుగా ఏడేళ్ళు ఆగుతుంది. అంతమంది ఒక్క పూటలో కనబడకుండా పోయేసరికి సర్కారు దయతలచి ఆ నిరీక్షణను కుదించింది. ఇంటివాళ్ళు అఫిడవిట్టు ఇస్తే విచారణ చేస్తారు. విచారణ పూర్తయితే మనిషి పూర్తయినట్టు. గోపినాథ్ గారు శిబిరాల వెంట తిరిగి, టార్పాలిన్ల కింద బియ్యం బస్తాల మీద పలక వేసుకుని, ఫీజు ముట్టకుండా అఫిడవిట్లు రాశారు. తన జీవితంలో ఇంతకంటె గొప్ప ఘట్టం ఇక రాదని ఆయనకు అప్పుడే తోచింది. అది నిజమే అయింది.

ఆ శిబిరాలలో ఒకదానిలో తాతమ్మ ఉండేది. కార్ నికోబారుకు తాపీపనికి వెళ్ళిన నూకన్న భార్య. అందరూ వేలిముద్రలు వేస్తూ ఉంటే ఆమె మాత్రం చెయ్యి కొంగులో దాచుకుంది.

"ఇంకో షిప్పు వస్తాదంట కదా బాబూ. ఆ షిప్పు కూడా సూడనీ," అంది.

గోపినాథ్ గారు ఓపికగా వివరించారు. ఎంత ఓపికగా అంటే, చివరకు ఆమె బొటనవేలిని తన చేత్తోనే పట్టుకుని సిరాకు అద్దించేటంత ఓపికగా. పరిహారం వచ్చింది. ఇల్లు వచ్చింది. నూకన్న రాలేదు. చాలాకాలం తరువాత చేపల జెట్టీ దగ్గర ఆమె ఎదురైతే, బాగున్నావా తాతమ్మా అని ఆయన పలకరించారు. ఆమెలో కోపం లేదు. చేపల ధర చెప్పే గొంతుతోనే చెప్పింది.

"బాగానే ఉన్నాను బాబూ. మావోడిని సముద్రం ఎత్తుకెళ్ళిపోనాది. సంపింది నువ్వు."

గోపినాథ్ గారు ఆ రోజు చేపలు కొనకుండా ఇంటికి వెళ్ళారు. దుఃఖంలో ఉన్న మనిషి చేతికి ఇక మీదట తొందరపడి కలం ఇవ్వనని ఆయన ఎవరి ఎదుటా ప్రతిజ్ఞ చేయలేదు. చేయని ప్రతిజ్ఞ గనుక ఎన్నడూ తప్పలేదు.

చట్టం కూడా ఆ ప్రతిజ్ఞకు చాలాకాలం పల్లకీ మోసింది. మోటారు ప్రమాదపు దావాకు గడువంటూ లేని స్వర్ణయుగమది. డిగ్లీపూర్ నుంచి బస్సు దొరికినప్పుడు రావచ్చు, షిప్పు దొరికినప్పుడు రావచ్చు, ఏడుపు ఆగినప్పుడు రావచ్చు. తరువాత ఢిల్లీలో పెద్దలు కూర్చుని ఆలోచించారు. ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు దావా వేయాలి, లేకపోతే ట్రిబ్యునల్ దానిని తీసుకోదు అని శాసించారు. ఆ శాసనం అమలులోకి వచ్చిన ఏడాది గోపినాథ్ గారు దానిని కళ్ళజోడు పెట్టుకుని చదివారు, పెన్సిలుతో కింద గీత కూడా గీశారు. ఆ స్వర్ణయుగానికి ముందు, తాను చదువుకునే రోజులలో ఉండిన పాత చట్టంలోనూ ఆరు నెలలే. కాని దాని కిందనే ఒక మెత్తని వాక్యం ఉండేది: తగిన కారణం చూపితే జాప్యాన్ని మన్నించవచ్చును అని. ఇందులోనూ ఆ వాక్యం ఉంటుందని ఆయన అనుకున్నారు. ఆ వాక్యం లేదు. ఉన్నదానిని చదవడానికి కళ్ళజోడు చాలు; లేనిదానిని చదవడం విద్వాంసులకు కూడా కష్టం.

అటువంటి రోజులలో పుష్పావతి వచ్చింది.

హోప్ టౌన్ ఒడ్డురోడ్డు మీద, వానలో, కంకర లారీ ఒకటి వెనకనుంచి వచ్చి ఆమె భర్త కొండబాబు స్కూటరును కొట్టింది. కొండబాబు అక్కడికక్కడే పోయాడు. ఆమె అత్త దేముడమ్మను వెంటబెట్టుకుని, పోలీసు కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని, ఫెర్రీ ఎక్కి, రెండో నెలలోనే గోపినాథ్ గారి మెట్లెక్కింది. పుష్పావతి దీవిలోనే పుట్టిన మనిషి. బంబూఫ్లాట్ బజారులో చిన్న ఫ్యాన్సీ షాపు నడుపుతుంది. మాట సూటిగా ఉంటుంది.

"కాగజ్ అంతా తెచ్చాను వకీల్ సాబ్. ఎక్కడ సైన్ పెట్టాలో చెప్పండి," అంది.

"తొందరేముందమ్మా," అన్నారు గోపినాథ్ గారు. "ఏడాది వెళ్ళనీ. సంవత్సరీకం కానీ. అప్పుడు రా."

"ఠాణాలో మున్షీ భయ్యా జల్దీ వేసేయమన్నాడండీ."

"పోలీసులకు ఎప్పుడూ జల్దీయే. పోయినవాడు నీ మొగుడా, వాళ్ళ మొగుడా?"

దేముడమ్మ కోడలి మోచేతిని తాకింది. "బాబు సెప్తన్నారు కదే. ఆరికి తెలీదేటి."

అప్పుడు గోపినాథ్ గారు మాట్లాడారు. దుఃఖానికి దానిదైన కాలం ఉంటుందని, ఆ కాలానికి సర్కారు ముద్ర వేయకూడదని, పోయిన మనిషి పేరు ముందు కీర్తిశేషుడని రాసే చెయ్యి ముందు వణకడం మానాలని చెప్పారు. చెబుతూ ఉండగా ఆయన గొంతే వణికింది. ఆడవాళ్ళిద్దరూ తలలు వంచుకున్నారు. ఆ వంగిన తలలను ఆయన కృతజ్ఞత పద్దు కింద జమ వేసుకున్నారు. వాళ్ళు ప్లాస్టిక్ కవరును మళ్ళీ చుట్టుకుని మెట్లు దిగుతూ ఉంటే, ఇరవై ఏళ్ళ నాటి ఒక బొటనవేలు తన గుప్పిట్లోంచి కొంచెం వదులైనట్టు ఆయనకు అనిపించింది.

ఏడాది దాటాక దావా పడింది. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున వచ్చిన వకీలు మోహన్‌కృష్ణ. ఒకప్పుడు గోపినాథ్ గారి దగ్గరే జూనియరుగా ఉండి, ఫైళ్ళకు దారం కట్టడం నేర్చుకున్నవాడు. విచారణకు ముందు కోర్టు వరండాలో గురువుగారి పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"సర్, ఆరు నెలలు దాటింది. నేను లేవనెత్తకపోతే కంపెనీ నన్ను లేపేస్తుంది."

"లేవనెత్తవయ్యా. నీ అన్నం నువ్వు తిను. జాప్యం మన్నించమని పిటిషన్ వేశాను."

"మన్నించే వాక్యం ఈ చట్టంలో లేదు సర్."

"చూశాను."

"ఎప్పుడు సర్?"

గోపినాథ్ గారు వాన వంక చూశారు. "నిన్న," అన్నారు.

దావా కొట్టేశారు. జడ్జిగారు చాలా మర్యాదగా, విచారం వ్యక్తం చేస్తూ కొట్టేశారు. లారీ తప్పు గురించి, కొండబాబు సంపాదన గురించి, అతని మీద ఆధారపడినవారి గురించి ఆ తీర్పులో ఒక్క ముక్క లేదు. గడువు దగ్గరే కథ అయిపోయింది కదా. పైకోర్టుకు వెళ్దామని మాత్రం గోపినాథ్ గారు పుష్పావతితో ఫోనులో అన్నారు. ఎందుకు కొట్టేశారో చెప్పలేదు. ఆమె అడగలేదు. చెన్నైలో నర్సింగు చదువుతూ ఉన్న కూతురు జాహ్నవిని ఆ ఏడే వెనక్కి పిలిపించుకుందని, ఆ పిల్ల ఇప్పుడు ఫ్యాన్సీ షాపులో గాజులు చూపిస్తోందని ఆయనకు ఇతరుల ద్వారా తెలిసింది. ఆ తరువాత ఆయన బంబూఫ్లాట్ బజారు వైపు పని పడితే రేపటికి వాయిదా వేసుకునేవారు.

ఈలోగా సర్కారు పోర్ట్ బ్లెయిర్ పేరు మార్చింది. కోర్టు బోర్డు మారింది, ఆటోవాళ్ళు మారలేదు. మరికొంత కాలానికి, ఒక సాయంత్రం, మోహన్‌కృష్ణే ఫోన్ చేశాడు.

"సర్, సుప్రీం కోర్టు నుంచి మధ్యంతర ఆర్డరు వచ్చింది. ఆరు నెలల నిబంధన న్యాయమా కాదా అన్నది వాళ్ళు తేల్చేదాకా, ఆలస్యమైందని ఏ దావానూ కొట్టేయొద్దన్నారు."

"మనది కొట్టేశాక వచ్చిందా?"

"కొట్టేశాకే సర్. కాని అప్పీల్లో చూపించవచ్చు. నేను గట్టిగా అడ్డుపడను," అని, ఒక క్షణం ఆగి, "ఈ మాట నేను అనలేదు," అన్నాడు.

అలా గోపినాథ్ గారు అప్పీలు కాగితాలు సంచిలో పెట్టుకుని చాథమ్ జెట్టీలో ఫెర్రీ ఎక్కారు. ఆయన వెళ్తున్నది సంతకానికి కాదు. సంతకం కోసమైతే గుమాస్తాను పంపవచ్చు. తన నోటితో ఒక సంగతి ఒప్పుకోవడానికి వెళ్తున్నారు. నీళ్ళు నిశ్చలంగా, ఎన్నడూ ఎవరినీ ముట్టుకోనట్టు, ఎండలో మెరుస్తున్నాయి. ఒడ్డున మునిగిపోయిన పాత జెట్టీ గుంజలు తలలు బయటపెట్టి నిలబడి ఉన్నాయి. వాటి మీద కొంగలు కూర్చుని, సముద్రం తమ తాతగారి ఆస్తి అన్నట్టు చూస్తున్నాయి. ఆయన తన వాక్యాలను మనసులో సర్దుకున్నారు. ముప్పై ఏళ్ళ వాదనా పటిమ ఆ ప్రయాణం పొడుగునా ఒక్క వాక్యానికి కూడా అక్కరకు రాలేదు.

ఇంటి ముందు అరుగు మీద దేముడమ్మ ఎండుచేపలు ఏరుతోంది. పుష్పావతి కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది. అప్పీలు కాగితాలు తీయగానే, ఆయన ఇంకా వివరిస్తూ ఉండగానే, అన్నిచోట్లా సంతకాలు పెట్టేసింది. అంత వేగంగా సంతకం చేసే చేతిని చూసి ఆయనకు మనసు మరీ కలతపడింది.

"పుష్పావతీ, ఒక మాట వినాలి," అన్నారు. "దావా ఎందుకు పోయిందో నేను నీకు చెప్పలేదు. చట్టం ఆరు నెలల్లో వేయమంది. నువ్వు రెండో నెలలోనే వచ్చావు. నేను ఏడాది ఆగమన్నాను. తప్పు లారీవాడి తరువాత నాదే. ఇంకో వకీలును పెట్టుకుంటానంటే నేనే ఫైలు మోసుకెళ్ళి ఇస్తాను. నా మీద కేసు వేస్తానన్నా నేను కాదనను."

పుష్పావతి కాగితాల అంచులు సరిచేసింది. లోపల ఎక్కడో కుక్కరు కూత పెట్టింది.

"జాహ్నవి నర్సింగు ఆఖరి సాల్‌లో ఉండేదండీ," అంది చివరకు. నింద కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు. "ఇంకొక్క సాల్."

గోపినాథ్ గారు తల ఎత్తలేదు. "తాతమ్మ అని ఒకావిడ... నేను తొందరపెట్టి..." అని, వాక్యం పూర్తి చేయలేక, "మీ ఏటి సూతకానికి భంగం రాకూడదనే ఆగాను," అన్నారు.

దేముడమ్మ చేతిలోని చేప చేతిలోనే ఉంది. "మా సూతకమా బాబూ?"

"మీదే."

అత్తా కోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పుష్పావతి గొంతు తగ్గించింది, రోగి పక్కన మాట్లాడుతున్నట్టు.

"మేము అది మీ రివాజు అనుకున్నాం సాబ్. మీ గొంతు అట్లా వణికిపోతుంటే, మీ ఇంట్లోనే ఎవరో పోయారేమో, ఆ ఏడాది మీరు కేసులు ముట్టరేమో అనుకున్నాం. కాదంటే మీకు కష్టంగా ఉంటాదని ఊరుకున్నాం."

గోపినాథ్ గారికి అడగవలసిన ప్రశ్న ఒక్కటే మిగిలింది. న్యాయశాస్త్రమంతా తెలిసినా ఆయన ఇంతకాలం అడగనిది.

"మరి సంవత్సరీకం?"

"అదెప్పుడో అయిపోనాది బాబూ," అంది దేముడమ్మ, చేపను గంపలో వేస్తూ. "పదమూడో నాడే మాసికాలూ, ఏడాదిదీ అన్నీ కలిపి ఒక్క పూటలో సేయించేసినాం. పంతులు గారికి మర్నాడు వైజాగ్ షిప్పు. టికెట్టు కన్ఫరం అయిపోయిందంట."