పక్కసీటు దీపం

కొత్త బండి ఇంటికొచ్చిన వారానికల్లా దాని ఒంటినిండా ఎర్రచుక్కలు అంటించేశాను. మాది కుళాయిలు చేసే ఫ్యాక్టరీ. అక్కడ నా పని తప్పులు పట్టడం. కారే కుళాయి, వంకరపోయిన మర, పొరలేచిన పూత, ఏది కనబడినా దానిమీద ఓ ఎర్ర స్టిక్కరు అంటించి పక్కన పెట్టేస్తాను. ఆ స్టిక్కర్ల చుట్ట ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. "ఇన్నేళ్ళలో నా నుదుటిమీద ఒకటి అంటించలేదు, అదే నా అదృష్టం" అంటుంది మా ఆవిడ.

బండి పెద్దదే, ఇంటిల్లిపాదీ పడతాం. పైన పటారం, లోన లొటారం. గ్లాసు పెట్టుకునే గుంటలో నీళ్ళసీసా పెడితే గేరు వెయ్యడానికి మోచెయ్యి అడ్డం. వెనక తలుపు ఎత్తితే సరిగ్గా నా నుదురు తగిలే ఎత్తులో ఆగుతుంది. హారన్ కొట్టబోతే పాట మారుతుంది. ఇక పక్కసీటు తలుపులో ఓ బుల్లి అర ఉంది. అందులో ఫోను పట్టదు, కళ్ళజోడు పట్టదు.

"దీన్ని గీసిన మహానుభావుడెవడో గానీ, ఇందులో ఏం పెట్టుకోమని? పళ్ళసెట్టా?" అన్నాను ఓరోజు.

మా ఆవిడా, మా అమ్మాయీ పడీపడీ నవ్వారు. పిన్ని కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పిన్ని మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. ఊరికే కూర్చోవడం చేతకాక రోజూ ఓ కుట్టుపని కేంద్రానికి వెళ్ళి చొక్కాలకి గుండీలు కుడుతుంది. నేను ఫ్యాక్టరీకి వెళ్తూ అక్కడ దింపుతాను. వెనకసీటు మెట్టు ఎత్తు కాబట్టి ఎప్పుడూ నా పక్కనే కూర్చుంటుంది.

నాకు అసలు మంట ఆ పక్కసీటు దగ్గరే. అక్కడ మనిషి లేకపోతే అద్దం కింద నారింజరంగు దీపం ఒకటి వెలుగుతుంది. ఎవరైనా కూర్చుంటే ఆరిపోవాలి. పిన్ని కూర్చుంటే ఆరదు. దారి పొడుగునా నా కళ్ళల్లోకే చూస్తూ వెలుగుతూ ఉంటుంది.

"లక్షణంగా మనిషి కూర్చుని ఉంటే లేదంటుందేమిటి, గుడ్డి బండి!" అని రోజూ విసుక్కునేవాణ్ణి.

"పోనీండి, చిన్న దీపమేగా. అలవాటైపోతుంది" అంది మా ఆవిడ.

"ఎందుకు అలవాటవ్వాలి? బండి నాకోసమా, నేను బండికోసమా? తప్పు చేసినవాణ్ణి వదిలేసి, కొనుక్కున్నవాణ్ణి సర్దుకోమంటావా?"

పిన్ని వింటూనే ఉంది.

ఆ సీటు వీపుకి కూడా ఓ ఎర్రచుక్క అంటించాను. సాయంత్రం పిన్ని దాన్ని జాగ్రత్తగా కాగితంలో పెట్టుకుని తెచ్చింది. "నా వీపుకి అంటుకొచ్చేసింది నాన్నా. అక్కడ అందరూ ఒకటే నవ్వు" అంది. నేనూ నవ్వి, తీసుకెళ్ళి మళ్ళీ సీటుకే అంటించాను.

సెలవురోజు అందరినీ ఎక్కించుకుని సర్వీసు షెడ్డుకి బయల్దేరాను. దీపం సంగతికి సాక్ష్యంగా పిన్నిని ముందు కూర్చోబెట్టాను. మెకానిక్కు ఎర్రచుక్కలన్నీ ఓపిగ్గా చూశాడు.

"ఇవన్నీ కంపెనీవాళ్ళు చేసిన తీరే సార్, మేం మార్చలేం. ఆ దీపం ఒక్కటీ చూస్తాను."

పిన్నిని దిగమని తను కూర్చున్నాడు. దీపం ఆరింది. మా ఆవిడ కూర్చుంది. ఆరింది. బడికెళ్ళే మా అమ్మాయి ఎక్కి కూర్చుంది. దానికీ ఆరింది.

"ఇప్పుడు మా పిన్ని కూర్చుంటుంది, చూడు" అన్నాను, దొంగని పట్టించబోయేవాడిలా. పిన్ని ఎక్కింది. దీపం వెలిగింది. "చూశావా!"

అతను కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "సీటు కింద బరువు చూసే పరికరం ఉంటుంది సార్. మరీ తక్కువుంటే సామానేదో పెట్టారనుకుంటుంది. అది బాగానే ఉంది. మామ్మగారే కొంచెం తేలిగ్గా ఉన్నట్టున్నారు."

నమ్మలేదు నేను. తలుపు తెరిచి, పిన్ని పక్కన సీటుమీద అరచేత్తో అదిమాను. దీపం ఆరిపోయింది. చెయ్యి తీశాను. వెలిగింది.

అప్పుడు చూశాను ఆవిణ్ణి. మణికట్టున ఉండాల్సిన గడియారం మోచేతి దాకా ఎగదోసుకుని ఉంది, కిందకి దించితే జారిపోతుందని కాబోలు. జాకెట్టు వదులైపోయి చేతులకి రెండువైపులా పిన్నీసులు. దవడలు లోపలికి పోయాయి. రోజూ నా పక్కనే కూర్చుంది, నేను రోజూ ఆ దీపాన్నే చూశాను. నా మొహాన ఉమ్మేసుకోవాలనిపించింది.

"దిగు పిన్నీ" అని చెయ్యి పట్టుకుంటే తలుపులో ఆ బుల్లి అర కనబడింది. అందులో ఓ చిన్న డబ్బా సరిగ్గా పట్టి కూర్చుంది. తీసి మూత తెరిచాను. ఆవిడ పళ్ళసెట్టు.

"ఇవి ఇక్కడేమిటి?"

పిన్ని దొరికిపోయినట్టు తల వంచుకుంది. "నువ్వు ఉన్నంతసేపూ పెట్టుకునే ఉంటా నాన్నా. ఇందాక బాగా నొప్పెడితే తీశాను."

ఆ సెట్టు నేనే కట్టించాను. మొదటిరోజే చెప్పింది, కింది చిగుళ్ళకి గుచ్చుకుంటోందని. కొత్తచెప్పులు కరవవా పిన్నీ, అలవాటవుతుందిలే అన్నాను. అంతటితో ఆ సంగతి మర్చిపోయాను.

వేలితో దాని అంచు తడిమాను. అలవాటైన పనే కదా, తప్పు వెంటనే తగిలింది. ఒక చోట అంచు కత్తిలా లేచి ఉంది. ఫ్యాక్టరీలో అయితే క్షణంలో ఎర్రచుక్క పడేది. ఇదొక్కదాన్నీ ఇన్నాళ్ళూ నేను ముట్టుకోనైనా లేదు.

"మరేం తింటున్నారు అత్తయ్యా?" అంది మా ఆవిడ. ఆవిడ మొహం పాలిపోయింది. "నేను వడ్డించినవన్నీ?"

"మెత్తగా ఉన్నవి మింగుతున్నా. మిగతావి... మీరు లేచాక తీసి పారేస్తున్నా తల్లీ."

"చెప్పొచ్చుగా పిన్నీ! నోరు లేదా నీకు?" అరిచాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు ఎప్పుడూ ఇంతే, రెట్టింపవుతుంది.

"చెప్పాగా నాన్నా. అలవాటవుతుందన్నావు. ఎంతకీ అవ్వలేదు. నాలోనే ఏదో తప్పుందేమో అనుకున్నా" అంది.

మెకానిక్కు చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ, ఏమైనా ఫిర్యాదు రాసుకోమంటారా సార్ అని అడిగాడు. అక్కర్లేదన్నాను. పళ్ళసెట్టు డబ్బా జేబులో పెట్టుకున్నాను. స్టిక్కర్ల చుట్ట పక్కన అది గలగలలాడింది.

బండిని తిన్నగా పళ్ళ డాక్టరు దగ్గరికి పోనిచ్చాను. దీపం వెలుగుతూనే ఉంది. పిన్ని ఓసారి దానివైపు చూసింది, ఓసారి నా మొహంలోకి చూసింది. తర్వాత ముందుకి వంగి, చెయ్యి చాచి అరచేత్తో దాన్ని మూసేసింది.

"నీకు చిరాకు కదా" అంది.

"తియ్యి పిన్నీ, వెలగనీ" అన్నాను. ఆస్పత్రి దాకా ఆవిడ ఆ చెయ్యి తియ్యనేలేదు.