వదులుగా వదిలిన నాలుగు నట్లు

కపితోలీనా మోటారుసైకిలు వెనక చక్రాన్ని ఊడదీసి షెడ్డు గోడకు చేరవేసింది. చక్రం నడిమధ్య, గేరుపెట్టె పళ్ళు వచ్చి కూర్చునే గాడుల నిండా ఎర్రటి పొడి. వేలితో గీకి, బంగాళాదుంపల పెట్టె బోర్లించుకుని దానిమీద కూర్చున్న మొగుడి ముక్కు కింద పెట్టింది.

"ఇటుకపొడిలా ఉంది. గ్రీజు పెట్టి ఎన్నాళ్ళయింది, రోద్యా?"

"మూడేళ్ళు అయ్యుంటుంది."

"ఊళ్ళో వాళ్ళందరి బళ్ళకీ పెట్టావు."

"ఊళ్ళో వాళ్ళు అడిగారు. ఇది అడగలేదు."

చైను లేని బండి అది. ఇంజను నుంచి వెనక చక్రం దాకా ఒక ఇనుప షాఫ్టు తిరుగుతుంది. దాని చివర, చక్రం పక్కన, పిడికిలంత గేరుపెట్టె. కుడివైపు మూడో చక్రం మీద, మనిషి కూర్చునే పక్కతొట్టి. ఈ బళ్ళు తయారయ్యేది ఊరి ఫ్యాక్టరీలోనే. ఆమె మొగుడు రోదియోన్ అందులో ముప్పై ఏళ్ళు గేరుపెట్టెలు బిగించాడు. ఫిబ్రవరిలో అతనికి పక్షవాతం వచ్చింది. కాలు తిరిగి స్వాధీనంలోకి వచ్చింది కానీ కుడిచేయి మోచేతి నుంచి కిందికి మొద్దుబారిపోయింది. బండి నడపకూడదని డాక్టరు చెప్పాడు.

బండి కూడా అదే సమయానికి మొరాయించింది. గేరు వేస్తే వెనక నుంచి టంగుమనేది, ఎత్తు ఎక్కేటప్పుడు మర ఆడినట్టు గరగరలాడేది. వాళ్ళ దుంపల చేను నది అవతల పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉంది. అటు వెళ్ళే బస్సు ఆపేసి రెండేళ్ళయింది. దుంపలు బజారులోనూ దొరుకుతాయి, అది కాదు కపితోలీనా బాధ. ఫిబ్రవరి నుంచి ఆ మనిషి కిటికీ దగ్గర నుంచి లేచి మాట్లాడింది ఆ చేను గురించే. విత్తనాలు నాటేటప్పుడు ఎవరి లారీనో బతిమాలుకుని వెళ్ళారు. కోతకి ఎవరిని బతిమాలాలి?

రోదియోన్ అన్న కొడుకు వెనియామిన్ ఆ బండి మీద కన్నేసి ఎండాకాలం అంతా తిరిగాడు. చివరికి రోదియోన్ ఒక మాట అన్నాడు. "శుక్రవారం లోపల చప్పుడు లేకుండా తిరిగిందా, ఉంటుంది. లేకపోతే వెన్యా తీసుకుపోతాడు. నా కళ్ళ ముందు తుప్పు పట్టడం నేను చూడలేను."

ఇవాళ శుక్రవారం.

"చేతులు నీవి, కళ్ళు నావి," అన్నాడతను పొద్దున్నే. ఆమెకు నవ్వొచ్చింది. ఫ్యాక్టరీలో అది సరిగ్గా తలకిందులుగా ఉండేది. కపితోలీనా వరస చివర తనిఖీ మనిషి. పూర్తయిన బండి ముందుకు వస్తే చిన్న సుత్తితో ఒక్కో నట్టునూ కొట్టి చప్పుడు వినేది. ఒక్కటి డొల్లగా పలికినా సీటు మీద సుద్దతో అడ్డగీత పెట్టి వెనక్కి తోసేసేది. తప్పేమిటో చెప్పడం తనిఖీవాళ్ళ అలవాటు కాదు. ఫిట్టర్లు తలలు పట్టుకుని వెతుక్కోవాలి. పెళ్ళయ్యాక మొగుడి బళ్ళకీ అవే గీతలు. గీత పడ్డ రోజు రోదియోన్ ఇంటికొచ్చి బీట్‌రూట్ సూపులో ఉప్పు లేదనేవాడు.

ఆమె నల్లటి నూనెను డబ్బాలోకి వంచింది. రోదియోన్ ఎడమ చూపుడువేలు ముంచి వెలుతురులోకి తిప్పి చూశాడు. ఇనుప మెరుపు పెద్దగా లేదు. గేరుపెట్టెను కిరసనాయిలులో కడిగి, మూత విప్పి, ఒక్కో పన్నూ చూశారు. పళ్ళు బాగున్నాయి. అరిగింది చక్రం గాడుల అంచులే, అదీ కొంచెమే. మూత కింద వేసే కాగితాన్ని ఆమె మనవరాలి బొమ్మల పుస్తకంలోంచి కత్తిరించింది. వెనకవైపు ఎవరో నీలిరంగు గుర్రాన్ని గీసి ఉన్నారు.

"గుర్రం లోపలికి వెళ్ళాలా, బయటికా?" అంది.

"లోపలికి. బలం వస్తుంది."

తరవాత గ్రీజు. ఆమె మూడు వేళ్ళతో ముద్ద తీసింది.

"ఏయ్ ఏయ్! చుట్టాలకి రొట్టె మీద వెన్న రాసినట్టు రాయకు. మన ఇద్దరం తినేటప్పుడు ఎలా రాస్తావో అలా రాయి."

"అంటే పిసినారిగా."

"అంటే పల్చగా. ఎక్కువైతే తిరిగేటప్పుడు విసిరి బ్రేకు మీద కొడుతుంది. అప్పుడు వంతెన దాకా ఆగకుండా పోతాం, వంతెన మీద కూడా ఆగం."

గాడులకూ షాఫ్టు కీలుకూ పల్చగా రాసింది. షాఫ్టు చివరను కీలులోకి దూర్చి, అడ్డమేకు కొట్టింది. గేరుపెట్టెను ఎత్తి, నట్లు బిగించే నాలుగు స్టడ్ల మీద నిలబెడితే, రోదియోన్ ఎడమచేత్తో నాలుగు నట్లనూ ఒక్కొక్కటిగా అందుకుని ఎక్కించాడు. నెమ్మదిగా, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని. ఎక్కించి, చెమట తుడుచుకుని లేచాడు. మాత్ర వేసుకుని అరగంట పడుకోవాలి, అది డాక్టరు మాట.

"ఇక చక్రం ఒక్కటే," అంటూ ఇంట్లోకి వెళ్ళాడు.

కపితోలీనా ఒక్కతే మిగిలింది. గేరుపెట్టెను చేత్తో పట్టుకుని కదిపింది. కదిలింది. నాలుగు నట్లూ నాలుగు చుట్లకే ఆగిపోయి ఉన్నాయి, వాటికీ పెట్టెకూ మధ్య గోరు దూరేంత సందు. బిగించలేకపోయాడు. ఎడమచేతికి అంత బలం ఎక్కడిది, పాపం. బిగించలేనని నోరు విప్పి చెప్పలేక లేచి వెళ్ళిపోయాడు.

అతను వచ్చేలోగా పని అయిపోతే ఆ సంగతి ఎత్తాల్సిన పనే ఉండదు. పానా తీసుకుని నాలుగింటినీ కిర్రుమనేదాకా బిగించింది. వదులు నట్టు కనిపిస్తే ఆమె చేయి ఎలాగూ ఊరుకోదు. చక్రాన్ని దొర్లించుకొచ్చి గాడుల్లో కూర్చోబెట్టి, ఇరుసు కడ్డీని దూర్చింది. సగం దాకా వెళ్ళి ఆగింది. చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో నాలుగు పోట్లు వేస్తే లోపలికి దిగింది. చేతులు కడుక్కుని సూపు వేడి చేయడానికి వెళ్ళింది.

తిన్నాక రోదియోన్ షెడ్డుకి వచ్చి, పెట్టె మీద కూర్చుని, చక్రాన్ని ఎడమ అరచేత్తో తిప్పాడు. అరచుట్టు తేలిగ్గా తిరిగింది, తరవాత బరువెక్కి ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"తీసెయ్," అన్నాడు.

"ఏం తియ్యాలి?"

"చక్రం."

"ఏమైందని?"

అతను నేలమీద పడి ఉన్న సుద్దరాయి ముక్క ఏరి, సీటు మీద పెద్ద అడ్డగీత గీశాడు.

కపితోలీనా ముఖం ఎర్రబడింది. "ఆటగా ఉందా నీకు? పొద్దున్నుంచి మోకాళ్ళ మీద ఉన్నాను!"

"మేమూ మోకాళ్ళ మీదే ఉండేవాళ్ళం."

అప్పుడే గేటు చప్పుడైంది. వెనియామిన్ తేనె సీసాతో లోపలికొచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, గడ్డం కింద ఇంకో గడ్డం. సీటు మీద గీత చూసి పకపకా నవ్వాడు.

"ఏం పిన్నీ, నీకే గీత పడిందా! ఫ్యాక్టరీలో చెప్పానంటే ఒక్కడూ నమ్మడు." చక్రం పట్టుకుని తిప్పాడు. "ఓస్, ఇంతేనా బాబాయ్? ఇంకో నాలుగు పోట్లు వేస్తే సరి. వంద కిలోమీటర్లు తిరిగితే అదే సర్దుకుంటుంది."

"బేరింగు సర్దుకుంటుంది, ముక్కలుగా," అన్నాడు రోదియోన్.

"అయితే నాకిచ్చెయ్యి, నా తంటా నేను పడతా. నువ్వెలాగూ ఎక్కవు. పిన్ని ఎక్కినా ఊరి చివరి దాకానే."

రోదియోన్ భార్య వైపు చూశాడు, తరవాత చక్రం వైపు. "ఆరింటికి తాడు తీసుకుని రా. అప్పటికి తిరిగిందా, ఒట్టిచేతులతో వెళ్తావు. తిరగలేదా, లాక్కుపో."

వెన్యా వెళ్ళాడు. రోదియోన్ లేచి బయట బెంచీ మీద, షెడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాడు.

కపితోలీనాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. కానీ ఆరు గంటలంటే ఇంక రెండున్నర గంటలే. ఇరుసు నట్టు విప్పి కడ్డీని వెనక్కి కొట్టింది. బయటికి తీసి, గుడ్డతో తుడిచి, తలుపు దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూసింది. కడ్డీకి ఒకే పక్క మెరిసే కొత్త గీకుడు. మిగతా చుట్టూ ఏమీ లేదు.

అలాంటి గుర్తులు చదవడంలోనే ఆమె జీవితం గడిచింది. ఒకే పక్క రాసుకుందంటే కడ్డీ వంకర కాదు, కన్నం పక్కకి ఉంది. కన్నం ఉన్నది గేరుపెట్టెలో. గేరుపెట్టె వంకరగా కూర్చుంది. దాన్ని అలా కూర్చోబెట్టింది నాలుగు నట్లు.

పానా అందుకుంది. ఒక్కో నట్టునూ వదులు చేసింది. నాలుగోది వదలగానే పెట్టె లోపల టక్కుమని ఏదో చిన్నగా కదిలింది. చక్రం పెట్టి, కడ్డీని కన్నం దగ్గర పట్టుకుని బొటనవేలితో తోసింది. అది చివరి దాకా జారిపోయింది.

తరవాత పిలిచింది. "రోద్యా."

అతను తలుపులో నిలబడ్డాడు.

"నువ్వే వదులుగా వదిలావు. కావాలనే."

"ఊఁ."

"బిగించలేకపోయావనుకున్నాను."

"తెలుసు. చెక్క మీద సుత్తి పోట్లు పక్కమీదికి వినిపించాయి. జాలిపడి బిగించేసిందిరా అనుకున్నాను." అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ముందు ఇరుసు ఎక్కాలి. దాన్ని పట్టుకుని పెట్టె తన చోటు తను వెతుక్కుంటుంది. తరవాత నట్లు. చక్రాలు ఎక్కించే ప్రతివాడికీ తెలుసు ఇది."

"నా దగ్గరికి వచ్చేసరికి అన్నీ బిగించే ఉండేవి కదా. వదులు నట్టంటే నాకు తప్పే."

"అందుకే నువ్వు తనిఖీలో ఉన్నావు, మేం పనిలో ఉన్నాం."

"ఒక్క మాట చెప్పి వెళ్ళాల్సింది."

"చెప్పాల్సిందే," అని ఒప్పుకున్నాడు. "నీకు తెలియదని నాకు తట్టలేదు. తెలిసినదానివే అనుకున్నాను."

"ఇప్పుడు కూర్చో. తిప్పు. నేను బిగిస్తాను."

అతను ఎడమచేత్తో చక్రాన్ని తిప్పుతూ ఉంటే, ఆమె ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా బిగించింది. పైది, కిందిది, మళ్ళీ పైది. మధ్యలో అతను "ఆగు" అనేవాడు, చక్రం బరువెక్కిందేమో చూసి "ఊఁ, కానీ" అనేవాడు. చివరికి చక్రం ఏడు చుట్లు తిరిగి తనంతట తను ఆగింది. వోడ్కా గ్లాసుతో గేరుపెట్టెలో రెండు గ్లాసుల కొత్త నూనె, పైన ఒక గుటక పోశారు. సీటు మీద గీతను ఆమె మోచేత్తో తుడిచేసింది, మిగిలిన మరకను అలాగే వదిలేసింది.

ఆరింటికి వెన్యా తాడు భుజాన వేసుకుని వచ్చాడు. కపితోలీనా అప్పటికే బండి స్టార్టు చేసి ఉంది. ఫ్యాక్టరీ పెరట్లో వేల బళ్ళు నడిపి చూసింది, రోడ్డు మీద మాత్రం పన్నెండేళ్ళుగా నడపలేదు. రోదియోన్ తొట్టిలోకి కాలు ఎత్తి దిగడానికి అవస్థ పడుతున్నాడు. వెన్యా తాడు కింద పడేసి సాయం పట్టాడు.

"ఎక్కడికి పిన్నీ? సందు చివరికేనా?"

"చేనుకి," అన్నాడు రోదియోన్.

"ఆ వంతెన మీదుగానా! పిన్ని చేతిలోనా! బాబాయ్, వీలునామా రాశావా?"

"తాడు పట్టుకుని ఇంటికి పో, వెన్యా. వచ్చే వారం దుంపలు తవ్వడానికి రా. నీ పార నువ్వే తెచ్చుకో."

ఆమె మొదటి గేరు వేసింది. వెనక నుంచి టంగుమనలేదు. వంతెన ముందున్న ఎత్తు మీద ఇద్దరూ చెవులు రిక్కించారు. ఇంజను మోత తప్ప ఏమీ లేదు. రెండుసార్లు ఆమె గేరు ఆలస్యంగా మార్చింది, రెండుసార్లూ అతను తొట్టి అంచు మీద కొట్టి తిట్టాడు. రెండోసారి ఆమె కూడా తిట్టింది.

చేను దగ్గర ఆగాక ఆమె గేరుపెట్టె మీద అరచేయి పెట్టింది. టీ గ్లాసు పైవైపంత వేడి, అంతకన్నా ఎక్కువ లేదు. బ్రేకు డ్రమ్ము అంచు తడిమింది, గ్రీజు తగలకుండా పొడిగా ఉంది. ఆ రెండూ చెప్పింది. రోదియోన్ తల ఊపి, అప్పటికే తొట్టిలోంచి సగం దిగి, తనను లాగమని చేయి చాపాడు.

రెండో వరసలో ఒక మొక్కను ఆమె పట్టి పీకింది. అతను ఎడమచేత్తో మట్టి దులిపి దుంపలు లెక్కపెట్టాడు. తొమ్మిది. పెద్దదాని తొక్కను బొటనవేలితో రుద్దాడు. లేత తొక్క ఊడొచ్చింది.

"ఇంకో వారం ఆగాలి," అన్నాడు.

"వచ్చే శుక్రవారం వద్దాం," అంది కపితోలీనా, దుంపలను తొట్టిలో వేస్తూ.